మీల్ మేకర్ మీద మోపిన నేరం

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన మనిషికి మన ఇళ్లలో ముందుగా తయారయ్యేది పథ్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుమ్మడికాయ వద్దు, పుండు చీము పడుతుందంటారు పెద్దవాళ్లు. కొన్నేళ్లుగా ఆ వరసలో సోయా కూడా చేరింది. మీల్ మేకర్ కూర, సోయా పాలు, సోయా కలిపిన సత్తు పిండి, వీటన్నిటిలో ఆడ హార్మోన్ ఉంటుందనీ, అది గడ్డను మళ్లీ లేపుతుందనీ ఒక మాట ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతోంది. దాని వెనకే దానికి పూర్తిగా ఎదురైన మాట కూడా వస్తోంది. జపాన్ ఆడవాళ్లు సోయా తింటారు గనకే వాళ్లకు రొమ్ము క్యాన్సర్ తక్కువ, మీరూ రోజుకొక సోయా క్యాప్సూల్ వేసుకోండి అని. ఈ రెండు మాటలూ ఒకే శాస్త్రంలోంచి చెరో ముక్క పట్టుకుని బయల్దేరినవి. ఆ శాస్త్రం మొత్తాన్ని ఒకచోట పెట్టి చూస్తే ఏం తేలుతుందన్నది ఈ వ్యాసం విషయం.

వేలూరు నుంచి చూస్తే ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. చిత్తూరు, కడప, అనంతపురం, నెల్లూరు వైపు నుంచి పెద్ద జబ్బు అనగానే కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లడం తరాలుగా ఉన్న అలవాటు. 1911లో చిత్తూరు జిల్లాను విడదీసే వరకు చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. గీత గీసినా మనుషుల రాకపోకలు మారలేదు. వేలూరుకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న గుడియాత్తం నుంచి పరదరామి దాటితే చిత్తూరు జిల్లా. లుంగీలు నేసే మగ్గాలు, అగ్గిపెట్టెల పని, బీడీలు చుట్టే ఇళ్లు ఉన్న ఊరది. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఇలాంటి ఇంట్లో, రోజు కూలి మీద బతికే చోట, కీమో నడుస్తున్న మనిషి కంచంలోంచి చవకగా దొరికే మాంసకృత్తుల తిండిని తీసేయమనడం చిన్న మాట కాదు. తీసేయమనేవాళ్ల దగ్గర గట్టి సాక్ష్యం ఉండాలి.

అనుమానం ఊరికే పుట్టలేదు. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలకు చూలు నిలవడం మానేసింది. గడ్డిలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలు ఉన్నాయని తర్వాత తేలింది. మొక్కల్లో పుట్టి జంతువుల శరీరంలో ఆడ హార్మోన్‌ను పోలినట్టు నడుచుకునే ఈ పదార్థాలే ఫైటో ఈస్ట్రోజెన్లు. సోయా గింజల్లో ఉండే జెనిస్టీన్, డైడ్జీన్ ఈ కుటుంబంలోవే. వీటిని కలిపి ఐసోఫ్లేవోన్లంటారు. డైడ్జీన్‌ను కొందరి పేగుల్లోని బ్యాక్టీరియా ఈక్వాల్ అనే మరింత చురుకైన పదార్థంగా మారుస్తాయి. ఆసియా జనాభాలో సుమారు సగం మందికి ఆ శక్తి ఉంది. పాశ్చాత్యుల్లో మూడో వంతుకు మించదు. ఒకే కూర తిన్న ఇద్దరి ఒంట్లో ఒకే పని జరగదని ఇక్కడే అర్థమవుతుంది.

ఇక రొమ్ము క్యాన్సర్ సంగతి. ఎక్కువ గడ్డల్లో కణాల మీద ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలుంటాయి. బయాప్సీ రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని రాసేది అవి ఉన్నప్పుడే. హార్మోన్ అందితే ఆ కణాలు పెరుగుతాయి. టామోక్సిఫెన్ మాత్ర ఆ గ్రాహకాన్ని ఆక్రమించుకుని హార్మోన్‌ను రానివ్వదు. లెట్రోజోల్ వంటి మందులు ముట్లుడిగిన వాళ్ల ఒంట్లో హార్మోన్ తయారీనే తగ్గిస్తాయి. వైద్యమంతా ఈస్ట్రోజెన్‌ను దూరం పెట్టడానికి కష్టపడుతుంటే, ఈస్ట్రోజెన్‌ను పోలినదాన్ని ఎవరైనా తినమంటారా? ఈ తర్కం విన్న ఎవరికైనా సబబుగానే తోస్తుంది. 2002లో అమెరికాలో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధన దానికి ఇంకా బలమిచ్చింది. ముట్లుడిగిన పదహారు వేల పైచిలుకు మంది మహిళల్లో సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చి చూస్తే, మందు తీసుకున్న ప్రతి పది వేల మందిలో ఏడాదికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. గర్భసంచి తీసేసిన మహిళలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన మరో విభాగంలో మాత్రం ఏళ్ల తరబడి గమనించాక రొమ్ము క్యాన్సర్లు తగ్గాయి. అంటే అసలు హార్మోనే అన్ని వేళలా ఒకేలా నడుచుకోలేదు. దాన్ని పోలిన మొక్క పదార్థం ఎలా నడుచుకుంటుందో పోలికను బట్టి ముందే తేల్చడం ఎలా కుదురుతుంది?

పోలిక గురించి ఒక తెలుగువాడి కథ చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ విటమిన్ రకాలు ఇచ్చినప్పుడు జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. సుబ్బారావు బృందం అచ్చం ఫోలిక్ ఆమ్లంలా ఉండే అమినాప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం అదే జబ్బును తాత్కాలికంగానైనా తగ్గించింది. దాని సోదర మందు మెథోట్రెక్సేట్ తర్వాత రొమ్ము క్యాన్సర్ కీమోలోనూ చేరింది. విటమిన్‌ను పోలిన పదార్థం విటమిన్ పనికి అడ్డుపడింది. టామోక్సిఫెన్ సంగతీ అంతే. అది కూడా ఈస్ట్రోజెన్ గ్రాహకానికే అతుక్కుంటుంది. పోలిక ఉందన్న ఒక్క కారణంతో మందుదో విషానిదో ముద్ర వేయకూడదని నేను గట్టిగా నమ్మడానికి ఈ చరిత్రే ఆధారం.

సోయా పదార్థాల విషయంలో మరో మెలిక 1996లో బయటపడింది. ఈస్ట్రోజెన్‌కు ఆల్ఫా గాక బీటా అనే రెండో గ్రాహకం కూడా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. కణాలను పెరగమని తొందర పెట్టేది ముఖ్యంగా ఆల్ఫా. బీటా చాలా సందర్భాల్లో దానికి పగ్గం వేస్తుంది. ఒంట్లో పుట్టే ఈస్ట్రోజెన్ రెండింటికీ అతుక్కుంటే, జెనిస్టీన్ బీటా వైపే ఎక్కువ మొగ్గుతుంది. పైగా దాని బలం అసలు హార్మోన్‌లో వందో వంతో, వెయ్యో వంతో. కానీ సోయా బాగా తినేవారి రక్తంలో అది అసలు హార్మోన్ కంటే వందల రెట్లు ఎక్కువ మోతాదులో తిరుగుతుంది. బలం తక్కువ, మోతాదు ఎక్కువ. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందన్నది కాగితం మీద లెక్కగట్టి చెప్పగలిగింది కాదు. మనుషుల్లో చూడాల్సిందే.

మనుషుల్లో చూసే లోపే ఎలుకల వార్త లోకమంతా పాకింది. 1990ల చివర ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం హెల్ఫరిక్ బృందం రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకల అండాశయాలు తీసేసి, వాటి ఒంట్లో మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలు నాటి, తిండిలో జెనిస్టీన్ కలిపి పెట్టింది. గడ్డలు పెరిగాయి. టామోక్సిఫెన్ పనిని జెనిస్టీన్ దెబ్బతీసిందని తర్వాతి ప్రయోగాల్లో చూపించింది. ఆ పని నిజాయితీగా చేసినదే, దాన్ని కొట్టిపారేయను. కానీ ఎలుక జెనిస్టీన్‌ను మనిషిలా అరిగించుకోదు. మన కాలేయం దాన్ని దాదాపు మొత్తంగా మరో రూపంలోకి మార్చి చురుకు తగ్గిస్తుంది. ఎలుకల రక్తంలో చురుకైన విడి రూపం మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా మిగులుతుందని 2011లో వచ్చిన కొలతలు చూపించాయి. ఎలుకకు హాని చేసిన మోతాదు మనిషి రక్తంలో తిండి ద్వారా చేరడం కష్టం. ఈ సవరణ వార్త మొదటి భయం వార్తంత దూరం ప్రయాణించలేదు.

మనుషుల మీద సాక్ష్యంలో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది షాంఘైది. అక్కడ 2002 నుంచి 2006 మధ్య రొమ్ము క్యాన్సర్ బయటపడిన 5,042 మంది మహిళలను పరిశోధకులు వెంబడించారు. ఏం తింటున్నారో అడిగి రాసుకున్నారు. సగటున నాలుగేళ్ల గమనింపు తర్వాత 2009 డిసెంబర్‌లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో షియావో ఊ షు బృందం ఫలితాలు ప్రచురించింది. సోయా బాగా తిన్న పావు వంతు మందిలో, అతి తక్కువ తిన్న పావు వంతుతో పోలిస్తే, మరణాలు 29 శాతం, జబ్బు తిరగబెట్టడం 32 శాతం తక్కువ. గడ్డ ఈఆర్ పాజిటివ్ అయినా నెగటివ్ అయినా, టామోక్సిఫెన్ వాడినా వాడకపోయినా ఫలితం అదే వైపు చూపించింది. సోయా గడ్డకు మేత అయితే ఈ ఐదు వేల మందిలో ఎక్కడో ఒక మూల ఆ నష్టం కనబడి తీరాలి. కనబడలేదు.

చైనా వాళ్ల తిండి వేరు, బతుకు వేరు అనవచ్చు. అందుకే 2012లో అమెరికా, చైనా మహిళల సమాచారాన్ని కలిపి 9,514 మంది మీద లెక్క తీశారు. రోజుకు 10 మిల్లీగ్రాములకు మించి ఐసోఫ్లేవోన్లు తిన్నవారిలో జబ్బు తిరగబెట్టడం పావు వంతు తక్కువగా ఉంది. 2017లో అమెరికా, కెనడాలకు చెందిన 6,235 మంది మీద వచ్చిన మరో అధ్యయనంలో ఎక్కువ తిన్నవారిలో ఏ కారణం వల్లనైనా సరే మరణాలు 21 శాతం తక్కువ. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2012లోనే, జబ్బు నుంచి బయటపడిన వారు మితంగా సోయా తినవచ్చని తన మార్గదర్శకాల్లో రాసింది.

అయితే ఈ అంకెలను పట్టుకుని సోయా మందు అనడం మరో తప్పు. ఇవన్నీ జనం తమంతట తాము తింటున్నదాన్ని గమనించిన అధ్యయనాలు. సోయా ఎక్కువ తినే మనిషి కూరగాయలు కూడా ఎక్కువ తింటుందేమో, నడుస్తుందేమో, మాత్రలు తప్పకుండా వేసుకుంటుందేమో. పరిశోధకులు ఈ తేడాలను లెక్కలోంచి తీసేసే ప్రయత్నం చేస్తారు గానీ అన్నీ తీయలేరు. అందువల్ల ఈ అధ్యయనాలనుంచి నేను నమ్మకంగా తీసుకునేది ఒక్కటే. తిండిగా తిన్న సోయా జబ్బును పెంచిన జాడ లేదు. తగ్గించిందన్నది ఆశ పెట్టుకోదగ్గ మాట, అంతవరకే.

జబ్బు రాకుండా కాపాడుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఇంకా చిందరవందరగా ఉంది. 2008లో అన్నా వూ బృందం పాత అధ్యయనాలను కలిపి చూస్తే, ఆసియా మహిళల్లో రోజుకు 20 మిల్లీగ్రాములు దాటి తిన్నవారికి 5 మిల్లీగ్రాముల లోపు తిన్నవారికంటే రిస్క్ 29 శాతం తక్కువగా తేలింది. పాశ్చాత్య దేశాల్లో ఏ తేడా లేదు. అక్కడ ఎక్కువ తినేవాళ్లు తినేది కూడా రోజుకు ఒక మిల్లీగ్రాము లోపే. 2009లో 73 వేల మంది షాంఘై మహిళల మీద వచ్చిన ఫలితాల్లో ముట్లుడగక ముందు వచ్చే క్యాన్సర్ సోయా బాగా తినేవారిలో సగానికి పైగా తగ్గింది, ఎదిగే వయసులో తిన్నవారిలోనూ తగ్గింది. చిన్నప్పుడు తిన్నదే కాపాడుతుందన్న ఊహకు బలం అక్కడి నుంచే. తర్వాత 2020లో చైనాలో మూడు లక్షల మందిని సుమారు పదేళ్లు గమనించిన అధ్యయనం వచ్చింది. అందులో 2,289 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, సోయాతో చెప్పుకోదగ్గ సంబంధం మాత్రం కనబడలేదు. ఆ తర్వాత కూడా సోయా రొమ్ము క్యాన్సర్‌ను ఆపుతుందని ఎవరైనా గట్టిగా చెబితే నాకు నమ్మకం కలగదు.

క్యాప్సూళ్ల సంగతి తిండి సంగతి కాదు. టామోక్సిఫెన్ మొదలయ్యాకో, కీమోతో ముట్లు ఆగిపోయాకో ఒళ్లంతా సెగలు కక్కుతుంది, రాత్రి చెమటతో నిద్ర పట్టదు. అప్పుడు మందుల షాపులో సోయా ఐసోఫ్లేవోన్ మాత్రలు చేతికొస్తాయి. మొక్కలోంచి తీసింది గదా, హాని ఏముంటుంది అనిపిస్తుంది. సోయాతో చేసే తోఫు ముక్కలో జెనిస్టీన్‌తో పాటు మాంసకృత్తులు, పీచు ఉంటాయి. మాత్రలో ఒక్క ఐసోఫ్లేవోనే చిక్కగా, తిండిలో రాని మోతాదులో ఉంటుంది. 2012లో ఫలితాలు వచ్చిన షికాగో ప్రయోగంలో ఆరు నెలల పాటు ఇలాంటి మాత్రలిచ్చి రొమ్ము కణాలను పరీక్షించారు. మొత్తం మీద మేలు కనబడలేదు. ముట్లుడగని మహిళల్లో కణాల విభజన కాస్త పెరిగిన గుర్తులు కనిపించాయి. 2014లో ఫలితాలు వచ్చిన న్యూయార్క్ ప్రయోగంలో ఆపరేషన్‌కు ముందు కొద్ది వారాలు సోయా ప్రొటీన్ పొడి తాగిన రోగుల్లో కొందరి గడ్డల్లో పెరుగుదలకు సంబంధించిన జన్యువులు చురుకయ్యాయి. ఇటలీలో రోజుకు 150 మిల్లీగ్రాముల మాత్ర ఐదేళ్లు వాడినవారిలో కొద్దిమందికి గర్భాశయ పొర మందమైంది, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఒక్కరికీ కాలేదు. వీటన్నిటినీ చూశాక కూడా యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో, ముట్లుడిగిన ఆరోగ్యవంతులకు ఈ మాత్రల వల్ల రొమ్ముకు హాని జరిగిన ఆధారం లేదంది. ఆ మాట ఆరోగ్యవంతులకు వర్తిస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన మనిషి, ముఖ్యంగా ఈఆర్ పాజిటివ్ ఉన్న మనిషి, ఈ మాత్రలు తనంతట తాను వేసుకోకూడదు. సెగల గురించి డాక్టర్‌కు చెబితే వేరే దారులున్నాయి.

ఇప్పుడు గుడియాత్తం కంచంలోకి చూద్దాం. రాగి సంగటి, అన్నం, కందిపప్పు సాంబారు, అనుములు, అలసందలు, ఉలవలు, వేరుసెనగ చట్నీ. వీటిలో సోయా లేదు. పప్పుల్లో ఐసోఫ్లేవోన్లు ఉన్నా లెక్కకు రానంత. జపాన్‌లో, చైనాలో సోయా తోఫుగా, మిసోగా, నాట్టోగా రోజూ తినే తిండి. మన దేశంలో అలాంటి అలవాటు ఈశాన్య రాష్ట్రాల్లో ఉంది. సిక్కింలో కినెమా, నాగాలాండ్‌లో ఆఖునీ, మణిపూర్‌లో హవాయిజార్ పులియబెట్టిన సోయా వంటకాలు. దక్షిణాదిలో సోయా ముఖ్యంగా వచ్చేది రెండు రూపాల్లో. ఒకటి నూనె. దానిలో ఐసోఫ్లేవోన్లు దాదాపు ఉండవు గనక సోయా నూనెతో వండితే హార్మోన్ వస్తుందన్న భయానికి చోటే లేదు. రెండోది నూనె తీసిన పిండితో చేసే మీల్ మేకర్. సగం బరువు మాంసకృత్తులే. పాతిక గ్రాముల పొడి మీల్ మేకర్‌లో, తయారీ పద్ధతిని బట్టి, సుమారు 25 నుంచి 40 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఉండవచ్చు. జపాన్ మహిళ ఒక రోజులో మామూలుగా తినేది 25 నుంచి 50. అంటే వారానికి రెండుసార్లు మీల్ మేకర్ కూర చేసుకునే ఇల్లు, సోయా వల్ల నష్టం కనబడని జనాభా తినేదానికంటే ఎంతో తక్కువే తింటోంది.

సోయా మానేసిన చాలామంది నువ్వుల ఉండలు, అవిసె గింజల పొడి మాత్రం బలమని తింటారు. వాటిలోనూ ఫైటో ఈస్ట్రోజెన్లే ఉన్నాయి, లిగ్నాన్లనే మరో రకం. పేగుల్లోని బ్యాక్టీరియా వాటిని ఎంటెరోలాక్టోన్‌గా మారుస్తుంది. 2005లో ఫలితాలు వచ్చిన టొరంటో ప్రయోగంలో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న ముట్లుడిగిన 32 మంది మహిళల్లో కొందరికి రోజుకు 25 గ్రాముల అవిసె గింజలు పెడితే గడ్డలో కణాల విభజన తగ్గింది. చిన్న ప్రయోగం, దాని మీద ఎక్కువ భారం వేయలేం. కానీ నువ్వుల మీద లేని నేరం సోయా మీద మాత్రమే మోపడానికి కారణం కనిపించదు.

జనాభా లెక్కలు కూడా ఈ నేరారోపణకు సాయం రావు. 2012 నుంచి 2016 వరకు దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్క ప్రకారం వయసు సవరించిన రేటులో రొమ్ము క్యాన్సర్ అన్నిటికంటే ఎక్కువున్నది హైదరాబాద్ జిల్లాలో, లక్ష మంది మహిళలకు 48. తర్వాత చెన్నై 42.2, బెంగళూరు 40.5. ఈ మూడు నగరాలూ సోయా తినే నగరాలు కావు. వేలూరు, గుడియాత్తం చెన్నై, బెంగళూరుల మధ్యనే ఉన్నాయి, ఆ నగరాల బతుకు తీరు ఈ ఊళ్లకూ వస్తోంది. ఆలస్యంగా మొదటి కాన్పు, తక్కువ మంది పిల్లలు, తక్కువ కాలం పాలివ్వడం, కూర్చుని చేసే పని, ముట్లుడిగాక పెరిగే బరువు. రిస్క్ పెంచేవి ఇవని దశాబ్దాలుగా తెలుసు. ముట్లుడిగిన మహిళ ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వు కణజాలంలోనే. ఆడ హార్మోన్ భయం నిజంగా ఉన్నవాళ్లు పట్టించుకోవాల్సింది మీల్ మేకర్‌ను కాదు, నడుం చుట్టుకొలతను. ఇంకో సంగతి, మన దేశంలో దాదాపు మూడింట ఒక వంతు గడ్డలు ఏ హార్మోన్ గ్రాహకమూ లేని ట్రిపుల్ నెగటివ్ రకం. సోయా ఈస్ట్రోజెన్ గురించి ఎంత వాదించినా ఆ మహిళలకు ఆ వాదనతో పనే లేదు.

మన దగ్గర ప్రాణాలు పోయేది ఆలస్యం వల్ల. 2022లో దేశంలో సుమారు 1.92 లక్షల కొత్త రొమ్ము క్యాన్సర్లు, 98 వేల మరణాలు నమోదైనట్టు ప్రపంచ అంచనా. ఇద్దరికి జబ్బు వస్తే దాదాపు ఒకరు పోతున్న లెక్క ఇది. ధనిక దేశాల్లో ఈ లెక్క ఇంత ఘోరంగా ఉండదు. గడ్డ చేతికి తగిలినా నొప్పి లేదు గదా అని నెలలు గడుపుతారు. వెయ్యి బీడీలకింత అని కూలి కట్టే చోట ఆసుపత్రికి ఒక రోజు పోతే ఆ రోజు కూలి పోతుంది. అన్నిటికీ మించి, రొమ్మును పరాయి మగవాడికి ఎలా చూపించడం అన్న సిగ్గు. వేలూరు ఆసుపత్రి పుట్టుక వెనక ఉన్నదే ఈ సిగ్గు. 1890లలో తిండివనంలో ఒక్క రాత్రిలో ముగ్గురు మహిళలు మగ డాక్టర్‌ను రానివ్వక కాన్పులో చనిపోయారనీ, అది చూసిన ఐడా స్కడర్ డాక్టర్ కావాలని నిశ్చయించుకున్నారనీ చెబుతారు. 1900లో వేలూరులో ఒక్క మంచంతో ఆమె మొదలుపెట్టిన వైద్యం 1918లో మహిళల వైద్య పాఠశాల అయింది. ఆమె అన్న కూతురు, అదే పేరున్న ఐడా బి. స్కడర్ పేరిటే నేడు అక్కడ క్యాన్సర్ కేంద్రం ఉంది. నూట పాతికేళ్ల తర్వాత కూడా ఆ సిగ్గు ఖరీదు మన ఆడవాళ్లే చెల్లిస్తున్నారు.

దీనికి మందు ఖరీదైన యంత్రం కానక్కర్లేదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి మురికివాడల్లోని లక్షన్నర మంది మహిళల మీద ఒక ప్రయోగం చేశారు. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో వచ్చిన ఫలితాల్లో, మొత్తం మహిళల్లో మరణాల తగ్గుదల 15 శాతం, అది యాదృచ్ఛికం కావడానికీ అవకాశముంది. కానీ యాభై దాటిన వారిలో దాదాపు 30 శాతం తగ్గింది. చేతి పరీక్షతో ఇంత ఫలితం రాబట్టిన ఈ అధ్యయనం గురించి ఫోన్లలో ఒక్క సందేశం తిరగదు. మీల్ మేకర్ గురించి రోజూ తిరుగుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి.

కంచం సంగతికి మళ్లీ వస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి ఐసీఎంఆర్ సిఫారసు చేసే మాంసకృత్తులు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. యాభై కిలోల మనిషికి సుమారు 42 గ్రాములు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నప్పుడు యూరప్ నిపుణులు కిలోకు ఒక గ్రాము నుంచి ఒకటిన్నర వరకు అడుగుతారు. కీమో తర్వాత నోరు చేదెక్కి, వాంతులొచ్చి, వాసనకే తిండి వద్దనిపించే రోజుల్లో ఆ మోతాదు చేరుకోవడం కష్టం. పాలు, గుడ్లు, చేపలు, మాంసం అందుబాటులో ఉన్న ఇంటికి మీల్ మేకర్ లేకపోయినా గడుస్తుంది. శాకాహార ఇంటికీ, చేతిలో డబ్బు లేని ఇంటికీ అది చాలా పెద్ద దిక్కు. ఫ్రిజ్ లేకపోయినా నిల్వ ఉంటుంది, పాతిక గ్రాములు నానబెట్టి వండితే పన్నెండు గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ఆధారం లేని భయంతో దాన్ని తీసేస్తే ఆ కొరత అన్నంతో నిండుతుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని పరగడుపున వేసుకుని సోయా తిండికి కొన్ని గంటల ఎడం పెట్టాలి, లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు. సోయా గింజలు పచ్చివి తినకూడదు, బాగా ఉడకాలి. సోయా అంటే ఎలర్జీ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. ప్రొటీన్ పొడి డబ్బాలు కొనే ముందు చికిత్స చేసే డాక్టర్‌ను అడగాలి.

అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇంటివాళ్లకు చెప్పేదిది. వారానికి రెండు మూడుసార్లు మీల్ మేకరో సోయా పాలో ఆమె ఇష్టపడితే పెట్టండి, ఇష్టపడకపోతే బలవంతం చేయకండి. సోయా క్యాప్సూళ్లు మాత్రం ఇంట్లో ఉంటే పక్కన పెట్టండి. బయాప్సీ రిపోర్టులో ఈఆర్ ఏమని రాసిందో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి, టామోక్సిఫెనో లెట్రోజోలో రాసిచ్చి ఉంటే చెప్పినన్నేళ్లు ఒక్కరోజు కూడా తప్పకుండా ఆమెతో వేయించండి. జబ్బు లేని మిగతా ఆడవాళ్లకు ఒక మనవి. ముప్పై దాటిన ప్రతి మహిళకూ జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేయాలని నియమం ఉంది. అది వేలూరులోనైనా, గుడియాత్తంలోనైనా, సరిహద్దు అవతల పలమనేరులోనైనా సరే. వెళ్లి అడగండి. ఆడ డాక్టరో నర్సో కావాలని కూడా అడగండి. మీతో పాటు ఇంకొకరిని తీసుకెళ్లండి.